ఫ్రాన్స్ పల్లెల్లో ఖాళీ రోడ్డు పట్టుకుని సైకిల్ తొక్కడం ఎలా?

టులూజ్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు వసంతం రాగానే అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. లారీలు లేని రోడ్డు ఎలా కనిపెట్టాలి? పల్లెల్లో తినడానికి ఏమైనా దొరుకుతుందా? దారి మధ్యలో పంక్చర్ పడితే ఏంటి గతి? ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఉదాహరణకి ఒకే రూటు తీసుకుందాం. టులూజ్‌కి ఉత్తరాన ఉన్న లాట్ జిల్లాలో కాఓర్ నుంచి ఫిజాక్ దాకా, సెలే నది వెంబడి. అటూ ఇటుగా 75 కిలోమీటర్లు. రెండు ఊళ్లకీ టులూజ్ నుంచి రైలుంది. ఒకచోట దిగి తొక్కుకుంటూ వెళ్లి, రెండోచోట రైలెక్కి ఇంటికొచ్చేయొచ్చు. ఇదే పద్ధతి ఫ్రాన్స్‌లో వేరే ప్రాంతాలకీ పనికొస్తుంది.

ఒక పూటలో 40 కిలోమీటర్లు పెద్దగా అలసిపోకుండా తొక్కగలిగేవాళ్లు, రోజంతా పెట్టుకుంటే ఈ రూటు చేయగలరు. కాళ్లలో సత్తువ లేక ట్రిప్పు పాడైనవాళ్లు తక్కువే. తప్పు రోడ్డెక్కి బెదిరిపోయినవాళ్లు, షాపులు మూసేశాక ఊళ్లోకి చేరి ఆకలితో ఉసూరుమన్నవాళ్లే ఎక్కువ. అందుకే కింద రోడ్డు ఎంపిక గురించీ, టైము గురించీ ఎక్కువ రాశాను.

కావలసినవి

- టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువున్న సైకిల్. ఖరీదైన రేసింగ్ బండి అక్కర్లేదు. గేర్లు మాత్రం ఉండాలి.
- రెండు ట్యూబులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు, మల్టీటూల్.
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్లు, బెల్లు. ఊరి బయట చీకటి పడ్డాక గానీ, పొగమంచులో గానీ తొక్కితే రిఫ్లెక్టర్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. మడిచి బ్యాగులో పడేసుకోండి.
- హెల్మెట్. 12 ఏళ్ల లోపు పిల్లలకే చట్టం తప్పనిసరి చేసింది గానీ, పెద్దలు కూడా పెట్టుకోండి.
- నీళ్ల సీసాలు రెండు. ఒకటి చాలదు.
- ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్. లోయల్లో సిగ్నల్ పోతుంటుంది.
- 20, 30 యూరోల నగదు. ఊరి చిన్న షాపుల్లో చిన్న మొత్తాలకి కార్డు తీసుకోకపోవచ్చు.
- ఐడీ, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు.

ఇయర్‌ఫోన్లు ఇంట్లో వదిలేయండి. 2015 నుంచి సైకిల్ మీద అవి నిషేధం, జరిమానా 135 యూరోలు. ఒక చెవిలోనే పెట్టుకున్నా అంతే.

1. మ్యాప్ మీద రోడ్డు వెతకండి

ఫ్రాన్స్‌లో రోడ్డు నంబరు ముందు అక్షరం ఉంటుంది. "ఎ" అంటే మోటార్‌వే, సైకిల్‌కి ప్రవేశం లేదు. "ఎన్" జాతీయ రహదారి, లారీలు జోరుగా పోతుంటాయి, జోలికి పోవద్దు. "డి" అంటే జిల్లా రోడ్డు. మనకి కావలసిన ఖాళీ రోడ్లు ఇందులోనే ఉంటాయి.

కొత్తవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. "డి" కనిపించగానే ప్రశాంతంగా ఉంటుందని అనుకోవద్దు. 2006 ప్రాంతంలో చాలా జాతీయ రహదారుల్ని జిల్లాలకి అప్పగించి నంబర్లు మార్చారు. కాఓర్ పక్కనుంచి పోయే డి820 ఒకప్పటి ఎన్20. పేరు మారింది గానీ ట్రాఫిక్ మారలేదు. ఫిజాక్ దగ్గరి డి840 కూడా అలాంటిదే.

నంబరు కన్నా రంగు నమ్మండి. మిషలాఁ (టైర్ల కంపెనీ మిషెలిన్) వేసే మ్యాపుల్లో పెద్ద రోడ్లు ఎరుపు, మధ్యరకం పసుపు, చిన్నవి తెలుపు. తెల్లవాటితో మొదలుపెట్టి, అవి కలవని చోట సన్నటి పసుపు రోడ్లు వాడండి. ఎర్ర రోడ్డు అడ్డంగా దాటడానికే. రోడ్డు వెంబడి ఆకుపచ్చ గీత ఉంటే అక్కడ దృశ్యాలు బాగుంటాయని అర్థం. రోడ్డు మీద బాణం గుర్తులుంటే ఎత్తు: ఒకటైతే 5 నుంచి 9 శాతం వాలు, రెండైతే 9 నుంచి 13, మూడైతే అంతకుమించి. మూడు బాణాల రోడ్డుని మొదటి ట్రిప్పులో పెట్టుకోవద్దు.

నాకు బాగా పనిచేసే కిటుకు ఒకటుంది. మీరు ఎంచుకున్న వంకర రోడ్డుకి సమాంతరంగా ఇంకో తిన్నటి రోడ్డు ఉందా చూడండి. ఉంటే తొందరున్నవాళ్లంతా దాని మీదే పోతారు, వంకర రోడ్డు మీకు మిగులుతుంది. సెలే లోయలోని డి41 సంగతి ఇదే. నదితో పాటు మెలికలు తిరుగుతుంది కాబట్టి, కాఓర్ నుంచి ఫిజాక్‌కి పని మీద వెళ్లేవాళ్లు దాన్ని ఎంచుకోరు. రెండు ఊళ్ల మధ్య దారి అదొక్కటే అయితే మాత్రం, ఎంత సన్నగా ఉన్నా అందరూ దాని మీదే వస్తారు.

జిల్లా సరిహద్దు దాటగానే రోడ్డు అదే అయినా నంబరు మారిపోవచ్చు. నంబర్లతో పాటు ఊళ్ల పేర్లు కూడా కాగితం మీద వరసగా రాసుకోండి.

2. రూటును స్ట్రీట్ వ్యూలో చూసుకోండి

కొమూట్ లాంటి యాప్‌లో రూటు గీసేటప్పుడు "రోడ్ సైక్లింగ్" ఎంచుకోండి. మామూలు సైకిల్ మోడ్‌లో పెడితే పొలాల మధ్య మట్టిదారికి తీసుకెళ్లి వదిలేయగలదు.

తర్వాత గూగుల్ స్ట్రీట్ వ్యూలో నాలుగైదు చోట్ల దిగి చూడండి. రోడ్డు మధ్యలో తెల్ల గీత ఉందా లేదా అన్నది ముఖ్యం. గీత లేని తారు రోడ్డు అంటే సాధారణంగా రెండు కార్లు సర్దుకుని పోవలసినంత సన్నటిది, వచ్చేవాళ్లు తక్కువ, వచ్చినా నిదానంగా వస్తారు. వెడల్పుగా ఉండి మధ్యలో గీత, అంచుల్లో కూడా గీతలు ఉంటే అక్కడ బండ్లు గంటకి 80 కిలోమీటర్ల స్పీడులో పోతుంటాయి. 2018 నుంచి డివైడర్ లేని రోడ్ల మీద మామూలు పరిమితి అదే. కొన్ని జిల్లాలు కొన్ని రోడ్ల మీద మళ్లీ 90కి పెంచాయి.

3. షాపులు మూసే టైము చూసి బయల్దేరండి

పల్లెల్లో పన్నెండయ్యేసరికి షాపులు మూతపడటం మొదలవుతుంది. బేకరీ మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ మూడింటికో నాలుగింటికో తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం దాదాపు అన్నీ బంద్. సోమవారం చాలా బేకరీలకి సెలవు. చాలా ఊళ్లలో అసలు షాపే ఉండదు. చర్చి, ఊరి ఆఫీసు, నాలుగు ఇళ్లు, అంతే.

కాబట్టి తిండి పన్నెండుకి ముందే కొనేయండి. కాఓర్‌లో బుధ, శనివారాల్లో పొద్దున చర్చి ముందు సంత జరుగుతుంది. పళ్లు, బ్రెడ్, మేక పాల చీజ్ అక్కడే దొరుకుతాయి. ఈ చుట్టుపక్కల రొకమదూర్ పేరుతో చేసే చిన్న గుండ్రటి చీజ్ తప్పకుండా తీసుకోండి.

ఇంకో లాభం కూడా ఉంది. పన్నెండుంపావు నుంచి రెండింటిదాకా ఊరంతా భోజనాల దగ్గర ఉంటుంది, రోడ్డు మీద పురుగు కూడా కనపడదు. పదకొండున్నరకి కడుపు నింపుకుని ఆ రెండు గంటలు తొక్కేయండి. జులై, ఆగస్టుల్లో మాత్రం ఇది వద్దు, ఎండ దంచేస్తుంది. ఆ నెలల్లో పొద్దున ఏడింటికే బయల్దేరాలి. నన్నడిగితే మే, జూన్, సెప్టెంబర్ సరైన నెలలు.

శాకాహారులు కాస్త జాగ్రత్త. బేకరీలో కీష్ (గుడ్డు, క్రీము పోసి బేక్ చేసే టార్ట్) కూరగాయల వంటకంలా కనిపిస్తుంది గానీ కీష్ లొరెన్‌లో పంది మాంసం ముక్కలు వేస్తారు. "సాఁ వియాఁద్, సాఁ పువాసోఁ" అంటే మాంసం, చేప వద్దని. ఏమీ తేలకపోతే బ్రెడ్డు, చీజ్, లోపల యాపిల్ గుజ్జు పెట్టిన షోసోఁ ఓ పొమ్‌తో పూట గడిచిపోతుంది. పులిహోర డబ్బాలో కట్టుకెళ్లే వాళ్లున్నారు, నేను వాళ్ల పక్షమే.

ఇంకోటి. ఏ షాపులోకి వెళ్లినా నోటి నుంచి మొదటి మాట "బోంజూర్" అయి ఉండాలి. అది లేకుండా నేరుగా కావలసింది అడిగితే మొహం మారిపోతుంది.

4. ముందురోజు బండి చూసుకోండి

అద్దె సైకిల్ తీసుకుంటే ముందు బ్రేకులు చూడండి. ఇండియాలో కుడిచేతి లివరు ముందు చక్రానిది. ఫ్రాన్స్‌లో ఎడమచేతిది ముందు చక్రానిది. అలవాటుకొద్దీ దిగుడులో ఎడమది గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతారు. ముందు చక్రం పైకెత్తి తిప్పి ఎడమ లివరు పట్టుకుని చూడండి. చక్రం ఆగితే ఫ్రెంచ్ పద్ధతి. ఖాళీ స్థలంలో పది నిమిషాలు తొక్కి, ఆగి, చేతులకి అలవాటు చేయండి. షాపువాళ్లని అడిగి లివర్లు మార్పించుకోవచ్చు గానీ, హైడ్రాలిక్ బ్రేకులైతే చేయనంటారు.

తర్వాత గాలి. రోడ్డు సైకిళ్ల ట్యూబుకి సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వు ఉంటుంది. కొస మీద ఇత్తడి మర ఉంటుంది. దాన్ని వేలితో తిప్పి వదులు చేసి, ఒకసారి నొక్కండి. "స్స్" అని గాలి వస్తే తెరుచుకున్నట్టు. అప్పుడు పంపు తగిలించాలి. మర విప్పకుండా పంపు కొడితే ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు. పని అయ్యాక మర మళ్లీ బిగించండి. 28 టైరుకి, 70 కిలోల మనిషికి సుమారు 5 బార్ ఒత్తిడి సరిపోతుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటొద్దు.

ట్యూబు కొనేటప్పుడు టైరు మీద ఉన్న సైజు, వాల్వు రకం రెండూ చూసుకోండి. కారు వాల్వు లాంటి లావుపాటిది కొనేస్తే చక్రం రిమ్ము రంధ్రంలో దూరదు.

5. కాఓర్ నుంచి బయటపడండి

స్టేషన్ నుంచి ఊరు దాటి, లాట్ నది ఎగువవైపుగా డి653 పట్టుకుని వేర్స్ దాకా, అక్కడి నుంచి డి662. ఈ మొదటి భాగంలో కార్లు ఉంటాయి. ఇది చూసి డీలా పడొద్దు. కొండూషే దగ్గర సెలే నది వచ్చి లాట్‌లో కలుస్తుంది. అక్కడ ఎడమకి తిరిగితే డి41.

ఎడమకి తిరగడమే ఇక్కడ ప్రమాదకరమైన పని. కుడి పక్కన తొక్కుతున్నవాళ్లు రోడ్డు అడ్డంగా దాటాలి. ధైర్యం చాలకపోతే కుడివైపే పూర్తిగా ఆగి, దిగి, రెండు వైపులా చూసి, సైకిల్ నడిపించుకుంటూ దాటండి. ఎవరూ ఏమీ అనుకోరు.

డి41 ఎక్కాక కబ్రెరే, మార్సియాక్, బ్రెంగ్, ఎస్పాన్యాక్ వరసగా వస్తాయి. ఒక పక్క సున్నపురాతి కొండ, ఇంకో పక్క నది. నదికి ఎదురుగా వెళ్తున్నా ఎత్తు తెలిసీ తెలియనట్టుగా ఉంటుంది. లోయలోంచి పైనున్న పీఠభూమి మీదికి వెళ్లే పక్క రోడ్లు మాత్రం నిటారుగా ఉంటాయి. కబ్రెరే పైన పెష్ మెర్ల్ గుహ ఉంది, లోపల వేల ఏళ్లనాటి బొమ్మలు. చూడాలంటే టికెట్ ముందే తీసుకోండి, ఆ రోజు ఫిజాక్ దాకా వెళ్లే ఆశ వదులుకోండి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ చెడతాయి. ఫిజాక్ చేరేముందు ట్రాఫిక్ మళ్లీ పెరుగుతుంది.

6. రోడ్డు మీద ఎలా ఉండాలి

కుడివైపు తొక్కాలని అందరికీ తెలుసు. మర్చిపోయేది ఎప్పుడంటే, ఖాళీ రోడ్డు మీద ఫొటో కోసం ఆగి మళ్లీ బయల్దేరినప్పుడు. ఎదురుగా బండి లేకపోతే చెయ్యి దానంతటదే ఎడమకి లాగుతుంది. ఆగిన ప్రతిసారీ "కుడి" అని పైకి అనుకుని కదలండి.

అంచుకి అతుక్కుపోవద్దు. అక్కడే గులకరాళ్లు, గుంతలు ఉంటాయి. ముక్కాలు మీటరు లోపలికి తొక్కండి. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు మీటరున్నర దూరం వదలాలి, ఊళ్లో మీటరు. ముందు దారి స్పష్టంగా కనిపిస్తుంటే, సైకిల్‌ని దాటడానికి కారువాళ్లు మధ్యనున్న తెగని గీతని కూడా దాటొచ్చు. చాలామంది మర్యాదగా వెనకే ఆగుతారు. మీరు కంగారుపడి గడ్డిలోకి దిగక్కర్లేదు. ఇద్దరు పక్కపక్కన తొక్కడం చట్టబద్ధమే, వెనక బండి దాటాలని సూచించగానే ఒకరి వెనక ఒకరు రావాలి.

ఎక్కువ యాక్సిడెంట్ భయం ఉన్నది "కుడివైపు ప్రాధాన్యం" దగ్గర. గుర్తు ఏదీ లేని కూడలిలో మీ కుడివైపు సందులోంచి వచ్చే బండికి మీరు దారివ్వాలి. మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నారనిపించినా సరే. పల్లెల్లో ఇది ఇంకా బతికే ఉంది. ట్రాక్టరాయన అటూ ఇటూ చూడకుండా బయటికి వచ్చేస్తాడు, తప్పు ఆయనది కాదు. గుర్తుపెట్టుకోవలసిన బోర్డులు ఇవి:

- పసుపు డైమండ్, తెల్ల అంచు: ప్రాధాన్యం మీది.
- అదే డైమండ్ మీద నల్ల అడ్డగీత: మీ ప్రాధాన్యం అయిపోయింది.
- ఎర్ర అంచు త్రిభుజంలో నల్ల గుణకారం గుర్తు: ముందు కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి ప్రాధాన్యం.

రౌండబౌట్‌లో బండ్లు మనకి అలవాటైన దిక్కుకి వ్యతిరేకంగా తిరుగుతాయి. ఎడమకి చూసి, లోపలున్నవాళ్లు పోయాక ప్రవేశించండి.

7. గ్రావియోఁ బోర్డు కనిపిస్తే

వేసవిలో రోడ్లు బాగుచేసేటప్పుడు తారు చల్లి, దాని మీద సన్న కంకర పోసి వదిలేస్తారు. పోయే బండ్లే దాన్ని అణచాలని వాళ్ల ఆలోచన. కారు చక్రాల నుంచి రాళ్లు ఎగురుతున్నట్టున్న బొమ్మతో, "గ్రావియోఁ" (సన్న కంకర) అన్న మాటతో పసుపు బోర్డు పెడతారు. రోడ్డు కొత్త బూడిదరంగులో మెరుస్తూ, మలుపుల అంచున కంకర దిబ్బలా చేరి ఉంటుంది.

బోర్డు కనిపించగానే, కంకర రాకముందే స్పీడు తగ్గించండి. కంకర మీదికి వచ్చాక ముందు బ్రేకు ముట్టుకోవద్దు, సైకిల్‌ని వాల్చొద్దు. కార్ల చక్రాలు నడిచిన జాడలో నేరుగా పోండి. దిగుడు మలుపైతే దిగి నడవండి. సైక్లిస్టులు మోచేతులు గీసుకునేది ఎక్కువగా ఇలాంటిచోటే.

"రూట్ బారే" అని కనిపిస్తే రోడ్డు మూసేశారని. వంతెన పనో, గొయ్యి తవ్వకమో అయితే సైకిల్ కూడా పోదు. ఎంత దూరంలో మూసేశారో బోర్డు మీద చాలాసార్లు ఉంటుంది. అక్కడికి ముందే మీ ఊరి మలుపు ఉంటే సమస్య లేదు.

8. నీళ్లు

కేఫ్ తెరిచి ఉంటే సీసా చూపించి "పువే వు రాంప్లిర్ మోఁ బిదోఁ, సిల్ వు ప్లే?" అనండి, నింపి ఇస్తారు. మూసి ఉంటే ఊరి శ్మశానానికి వెళ్లండి. నవ్వకండి, ఇక్కడి సైక్లిస్టులంతా చేసేదే. సమాధుల మీది పూలకుండీలకి నీళ్లు పోయడానికి గేటు దగ్గర కొళాయి ఉంటుంది. "ఓ నోఁ పొతాబ్ల్" అని రాసి ఉంటే తాగొద్దు. ఏమీ రాయకపోయినా అనుమానం ఉంటే తల మీద పోసుకోడానికి వాడుకోండి. చలికాలంలో ఈ కొళాయిలు కట్టేస్తారు.

లోయ వదిలి పీఠభూమి ఎక్కాలనుకుంటే కిందే రెండు సీసాలూ నింపుకోండి. అక్కడ సున్నపురాయి వాననీటిని లోపలికి పీల్చేస్తుంది, పైన వాగూ వంకా కనిపించవు.

9. ఏదైనా జరిగితే

పంక్చరైతే ట్యూబు మార్చేముందు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడమండి. ముల్లో రాయో అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా అయిదు నిమిషాల్లో పోతుంది. ఒంటరిగా చేయడం రాకపోతే ఇంట్లో ఒకసారి విప్పి బిగించి చూడండి. వీడియో చూస్తే వచ్చినట్టే ఉంటుంది, చేతికి రాదు.

దెబ్బ తగిలితే 112. ఎక్కడున్నారో చెప్పడానికి దగ్గరి ఊరు పేరు, రోడ్డు నంబరు కావాలి. జిల్లా రోడ్ల పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి కనిపిస్తే దాని మీద నంబరు చదవొచ్చు.

కుక్క మొరుగుతూ వస్తే స్పీడు పెంచొద్దు. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టి నడవండి.

సరైన రోడ్డే పట్టుకున్నారా?

పెద్ద రోడ్డు వదిలాక పది నిమిషాలు గమనించండి. మిమ్మల్ని దాటిన కార్లు రెండు మూడు ఉంటే మంచి రోడ్డు. నిమిషానికి ఒకటి దాటుతుంటే ఎక్కడో మలుపు తప్పారు, లేదా రూటు మార్చాలి. పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలుగుతున్నారా చూడండి. లేకపోతే ట్రాఫిక్ ఎక్కువైనా అయ్యుండాలి, మీరు ఓపికకి మించి తొక్కుతున్నా అయ్యుండాలి. మార్సియాక్ చేరేసరికి ఒక సీసా కూడా ఖాళీ కాకపోతే మీరు నీళ్లు తక్కువ తాగుతున్నట్టు.

రైలు

టిఇఆర్ (ప్రాంతీయ) రైళ్లలో సాధారణంగా సైకిల్‌కి విడిగా టికెట్ ఉండదు, చోటున్నంతవరకే ఎక్కనిస్తారు. వేసవిలో కొన్ని ప్రాంతాల్లో ముందే బుక్ చేయమంటారు. కాఓర్ మీదుగా పోయే పారిస్ – టులూజ్ ఇంటర్‌సిటీ అయితే సైకిల్‌కి రిజర్వేషన్ కావాలి.

ఫిజాక్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రైళ్లు తక్కువ. టైమ్‌టేబుల్‌లో రైలు బొమ్మ బదులు బస్సు బొమ్మ ఉందేమో చూసుకోండి. కొన్ని సర్వీసులు పేరుకి రైల్వేవే అయినా నడిచేది బస్సు, అందులో సైకిల్ ఎక్కించుకోకపోవచ్చు. ఆఖరి రైలుని నమ్ముకోకుండా దానికి ముందు రైలుకి ప్లాన్ చేసుకోండి. అది తప్పినా ఇంకొకటి ఉంటుంది.